చిన్న ఆపరేషన్ చేయించుకుంటున్నారా? చీము పట్టకుండా ముందూ వెనకా చేయాల్సినవి

కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన వాళ్ల కట్టు తీస్తూ నేను మొదట అడిగేది నొప్పి గురించి కాదు. "ఇంట్లో దీని మీద ఏమైనా రాశారా అమ్మా?" అని అడుగుతాను. ఎక్కువమంది లేదనే అంటారు. ప్లాస్టరు ఊడదీసేసరికి గాజ్ కింద పసుపు ఎండి పెచ్చు కట్టి ఉంటుంది. ఇంకొకరికి కాఫీపొడి, మరొకరికి క్యాప్సూల్ విప్పి చల్లిన మందుపొడి. ఆ పెచ్చును సెలైన్‌తో నానబెట్టి నెమ్మదిగా లేపితే అడుగున చీము.

ప్రభుత్వాసుపత్రి మైనర్ ఓటీ (చిన్న ఆపరేషన్ల గది)లోనూ, దాని పక్కనున్న డ్రెస్సింగ్ గదిలోనూ స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. కొవ్వు గడ్డలు, సెగ్గడ్డలు, లోపలికి పెరిగిన కాలిగోళ్లు, పులిపిర్లు, బయాప్సీలు (పరీక్షకి చిన్న ముక్క తీయడం) అన్నిటినీ మనవాళ్లు "చిన్న ఆపరేషనే కదా" అంటారు. కోత చిన్నదే, పావుగంట పనే. కానీ ఆ పావుగంటకి ముందు వారం, తర్వాత రెండు వారాలు మీరు ఎలా ఉన్నారన్నదాని మీదే గాయం సంగతి చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ మూడు వారాల్లో ఎప్పుడు ఏం చేయాలో వరసగా చెబుతాను.

మీది ఏ రకం గాయమో ముందు తెలుసుకోండి

గడ్డలన్నీ ఒకటి కావు. "డాక్టరుగారూ, ఇది శుభ్రమైన కోతేనా? లోపల ఇప్పటికే ఇన్‌ఫెక్షన్ ఉందా?" అని సూటిగా అడగండి. చర్మం కింద మెత్తగా, నొప్పి లేకుండా, వేలితో నొక్కితే పక్కకి జరిగే కొవ్వు గడ్డను తీయడం శుభ్రమైన కోత. ఇలాంటి వాటిలో నూటికి ఒకరి నుంచి ఐదుగురికి ఇన్‌ఫెక్షన్ రావచ్చని సర్జరీ పుస్తకాల్లో చాలాకాలంగా ఉన్న లెక్క. అదే చీము నిండిన గాయమైతే ఆ లెక్క నూటికి 27 దాటుతుంది.

ఈ తేడా తెలిస్తే సగం గొడవలు తగ్గుతాయి. శుభ్రమైన కోతకి కుట్లు వేస్తారు. చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరమే ఉండదు, అవసరమనుకుంటే కోతకి ముందు గంటలోపు ఒక్క డోసు ఇస్తారు. "ఐదు రోజులకి మాత్రలు రాయలేదేంటి?" అని అడిగి మరీ రాయించుకోకండి. సెగ్గడ్డ సంగతి పూర్తిగా వేరు. గడ్డ మధ్యలోకి రక్తం వెళ్లదు కాబట్టి మీరు మింగిన మాత్ర కూడా సరిగా అందదు. చీము బయటికి పోవడమే దానికి వైద్యం. కోసి, చీము తీసి, లోపల గాజ్ పెట్టి, కుట్లు వేయకుండా వదిలేస్తారు. ఆ గాయం అడుగు నుంచి పైకి పూడుకుంటూ రావాలి. "కుట్లేయకుండా పంపించేశారు" అని బయట మళ్లీ కుట్టించుకుని వచ్చినవాళ్లని చూశాను. పైన మూసుకుపోయిన గాయంలో చీము మళ్లీ పోగవుతుంది, మళ్లీ కోయాలి.

ఇంకో మాట. చీము పట్టిన చోట మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేయదు. అక్కడి కండ ఆమ్లంగా మారి ఉండటమే కారణం. కాబట్టి సెగ్గడ్డ కోసేటప్పుడు కొంత నొప్పి తెలుస్తుంది. డాక్టరు తప్పు చేశారని కాదు. నొప్పి మరీ భరించలేనిదైతే చెప్పండి, ఆగి ఇంకో రకంగా మత్తిస్తారు.

మధ్యలో చిన్న నల్ల చుక్క ఉండి, నొక్కితే తెల్లటి ముద్దలాంటిది వాసనతో వచ్చే గడ్డ మూడో రకం. దానికి లోపల ఒక సంచి ఉంటుంది. అది ఎర్రబడి వాచి ఉన్నప్పుడు సంచి మొత్తం తీయడం కష్టం. ముందు చీము తీసి, కొన్ని వారాలాగి సంచి తీస్తారు. రెండోసారి రమ్మన్నప్పుడు వెళ్లకపోతే గడ్డ తిరిగొస్తుంది. అద్దం ముందు నిలబడి రెండు గోళ్లతో నొక్కడం మాత్రం ఎప్పుడూ వద్దు. సంచి లోపలే పగిలితే చుట్టూ వాపు రెట్టింపవుతుంది.

వారం ముందు నుంచి

షుగర్ చూపించుకోండి. ఇంతవరకు షుగర్ లేదనుకున్నవాళ్లు కూడా. తనకి షుగర్ ఉందన్న సంగతి మా గదిలో వేలు గుచ్చినప్పుడే తెలిసిన మనుషులు ఎంతమందో. 200 దాటి ఉంటే, కొవ్వు గడ్డలాంటి తొందర లేని ఆపరేషన్‌ని వాయిదా వేసి, షుగర్ అదుపులోకి వచ్చాక చేయించుకోవడం మేలు. సెగ్గడ్డకి మాత్రం ఈ వాయిదా పనికిరాదు. చీము లోపల ఉన్నంతకాలం షుగర్ దిగదు, చీము పోయాక అదే దిగుతుంది.

బీడీ, సిగరెట్, చుట్ట ఏదైనా సరే, కుదిరితే నాలుగు వారాల ముందే ఆపండి. పొగ చర్మంలోని సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది, గాయానికి ప్రాణవాయువు తగ్గుతుంది.

వాడుతున్న మందుల షీట్లన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. పేర్లు గుర్తుండవు, "గుండెకి ఒక తెల్ల బిళ్ల" అంటే మాకు అర్థం కాదు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్‌లాంటి రక్తం పలచన చేసే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే గాయంలో రక్తం చేరి గడ్డకడుతుంది, అది క్రిములకి మంచి మేత. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. స్టెంట్ వేయించుకున్న మనిషి ఒక చిన్న గడ్డ కోసం ఆ మాత్రలు మానేస్తే గుండెకే ముప్పు. ఆపాలా, ఎన్నాళ్లు ఆపాలా అన్నది గుండె డాక్టరు చెప్పాలి. పెన్సిలిన్, అయోడిన్, పంటి డాక్టరు ఇచ్చిన మత్తు, వీటిలో ఏదైనా పడకపోయిన సందర్భం ఉంటే అదీ చెప్పండి.

టీటీ (ధనుర్వాతం టీకా) చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. చిన్నప్పటి డోసులన్నీ పూర్తయినవాళ్లకి శుభ్రమైన గాయానికి పదేళ్లలోపు వేసినది సరిపోతుంది, మట్టి తగిలిన గాయానికి ఐదేళ్లలోపుది. గీత పడ్డ ప్రతిసారీ టీటీ అక్కర్లేదు.

ముందు రోజు రాత్రి కోత పడే చోట వెంట్రుకలు బ్లేడుతో గీసుకోకండి. శుభ్రంగా వెళ్దామని చాలామంది చేసే పనే ఇది. బ్లేడు చర్మం మీద కంటికి కనపడని గాట్లు పెడుతుంది, తెల్లారేసరికి వాటిలో క్రిములు చేరతాయి. తీయాల్సి ఉంటే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి సబ్బుతో ఒళ్లంతా రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్తే చాలు. నూనె, పౌడరు వద్దు.

గదిలోకి వెళ్లాక కళ్లు తెరిచి చూడండి

పరికరాలు ఆటోక్లేవ్ చేసిన ప్యాకెట్ నుంచి మీ ముందే తీస్తున్నారా? ఆటోక్లేవ్ అంటే ప్రెషర్ కుక్కర్ లాంటిదే. 121 డిగ్రీల ఆవిరిలో, పదిహేను పౌండ్ల ఒత్తిడి మీద, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచుతారు. ప్యాకెట్‌కి అంటించిన టేపు మీద లేత రంగు గీతలు ఆ వేడికి నల్లగా మారతాయి. నల్లబడని టేపు ఉన్న ప్యాకెట్ ఆవిరి చూడనిది. ప్యాకెట్ తడిగా ఉన్నా, చిరిగి ఉన్నా అది వాడకూడదు.

తర్వాత మత్తుమందు సీసా చూడండి. లిగ్నోకైన్ సీసా రబ్బరు మూతతో ఉంటుంది, అందులోంచి చాలామందికి వాడతారు. ఆ మూతకి ఒక సూది గుచ్చి అలాగే వదిలేసి ఉంటే అది చెడ్డ అలవాటు. గాలి, క్రిములు ఆ దారినే లోపలికి వెళ్తాయి. ప్రతి మనిషికీ కొత్త సిరంజి, కొత్త సూది వాడాలి. సూది మార్చి సిరంజి అదే వాడినా ఒకరి రక్తం ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉంటుంది. హెపటైటిస్ బి ఉన్న మనిషి రక్తం అంటిన సూది, టీకా వేయించుకోని మనిషికి గుచ్చుకుంటే నూటికి 30 మంది వరకు ఆ జబ్బు అంటుకోవచ్చు. హెచ్‌ఐవీ అయితే వెయ్యికి ముగ్గురు. అందుకే మా సిబ్బంది అందరికీ హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేస్తారు, మీరూ వేయించుకోవచ్చు.

"సిస్టర్, ప్యాకెట్ నా ముందు విప్పుతారా?" అని అడగడానికి మొహమాటపడకండి. ఆ మాట అడిగినందుకు మంచి నర్సు ఎవరూ నొచ్చుకోరు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. పొట్ట మీద రెండు చిన్న రంధ్రాలతో అయిపోయే ఆపరేషన్ అది. ఇన్‌ఫెక్షన్ సోకి నలుగురు తల్లులు చనిపోయారు. ఒకరి తర్వాత ఒకరికి వరసగా చేస్తున్నప్పుడు పరికరం శుభ్రానికి పట్టే సమయం తగ్గించడానికి వీల్లేదు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత నుంచి ప్యాకెట్‌ని రోగికి చూపించే విప్పుతున్నాను.

ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర గడ్డ కోయించుకోవడం గురించి కూడా చెప్పాలి. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే అని నాకు తెలుసు, జ్వరానికి మాత్ర ఇచ్చేదీ ఆయనే. కానీ కోత వేరు. కత్తిని గిన్నెలో నీళ్లు పోసి మరగబెడితే ధనుర్వాతం క్రిముల బీజాలు చావవు. పైగా వాపు దిగుతుందని ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ షుగర్‌ని పెంచి, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే శక్తిని తగ్గిస్తుంది. ఒకటి రెండు రోజులు వాపు తగ్గినట్టే ఉంటుంది, లోపల చీము మాత్రం పాకుతుంది.

ఇంటికి వచ్చిన మొదటి రెండు రోజులు

కట్టు తీయకండి, తడపకండి. గాజ్ మీద రూపాయి బిళ్లంత ఎరుపు మరక పడితే భయపడనక్కర్లేదు. మరక పెరుగుతూ పోతే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి, మధ్యలో ఎత్తి చూడకుండా. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. కొద్దిగా వాపు, లాగినట్టు నొప్పి, ఒళ్లు కాస్త వెచ్చబడటం ఈ రెండు రోజుల్లో మామూలే. చెయ్యి మీద గాయమైతే చెయ్యి, కాలి మీదైతే కాలు దిండు మీద ఎత్తి పెట్టుకోండి.

48 గంటలు గడిచాక, కుట్లు వేసిన గాయానికి నీళ్లు తగిలితే నష్టం లేదు. చెంబుతో పోసుకుని, రుద్దకుండా, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. చెరువులో, కాలవలో మునగడం కుట్లు తీసేదాకా వద్దు.

తెరిచి ఉంచిన సెగ్గడ్డ గాయానికి రోజూ కట్టు మార్చాలి. ఇంట్లో మారుస్తుంటే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, గాజులు, ఉంగరాలు తీసేయండి. పాత గాజ్ అంటుకుపోయి ఉంటే లాగకండి, సెలైన్ పోసి ఐదు నిమిషాలు నాననివ్వండి. సెలైన్‌తోనే లోపల కడగండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ చూసి శుభ్రమైందనిపిస్తుంది, కానీ కొత్తగా పుడుతున్న ఎర్రటి కండ కూడా కాలిపోతుంది. దూది నేరుగా పెట్టకండి, పోగులు లోపల ఉండిపోతాయి. గాజ్‌ని సెలైన్‌లో తడిపి పిండి, కుక్కినట్టు కాకుండా వదులుగా పెట్టి, పైన పొడి గాజ్ వేయండి. విప్పిన సెలైన్ సీసాలో మిగిలినది పారబోయాలి. చిన్న సీసా కొనుక్కోండి.

పసుపు, కొబ్బరినూనె, బూడిద, ఆకుపసరు, పౌడర్లు ఏవీ వద్దు. పసుపు మీద నాకు కోపం లేదు, కూరలో వేసుకోండి. వంటింటి డబ్బాలోని పసుపులోనూ క్రిములుంటాయి, గాయం మీద అది పెచ్చు కట్టి చీమును లోపలే ఆపేస్తుంది.

తిండి మాట

మా వార్డులో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఒక పెద్దావిడకి వీపు మీద గడ్డ తీశారు. పదో రోజుకీ గాయం అంచులు కలవలేదు. చీము లేదు, షుగర్ లేదు. ఆవిడ కోడలిని పక్కకి పిలిచి ఏం పెడుతున్నావమ్మా అన్నాను. "చారన్నమే పెడుతున్నా మేడమ్. పప్పు పెడితే చీము పడుతుందిగా. గుడ్డు, మాంసం, వంకాయ, గోంగూర అన్నీ మాన్పించాం" అంది. తెల్లారి లేచి వండి పెడుతున్న పిల్ల, ప్రేమతోనే చేసింది. "పప్పు వల్ల చీము రాదు తల్లీ, క్రిమి వల్ల వస్తుంది. తెగిన చర్మం అతుక్కోవడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. రేపటి నుంచి మీ అత్తకి పప్పు, ఒక గుడ్డు, ఒక జామకాయ పెట్టు" అని చెప్పాను. తర్వాతి వారం ఆవిడ వచ్చేసరికి అంచులు దగ్గరపడ్డాయి.

గాయం ఉన్నన్నాళ్లూ పప్పు, గుడ్డు, చేప, పెరుగు, ఆకుకూరలు, జామ, ఉసిరి, నిమ్మ అన్నీ తినండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం మాంసకృత్తుల సంగతి తమ డాక్టరుని అడగాలి.

మూడో రోజు నుంచి బాల్‌పెన్ దగ్గర పెట్టుకోండి

కోతలో ఇన్‌ఫెక్షన్ వస్తే సాధారణంగా నాలుగో రోజు నుంచి వారం పది రోజుల్లోపు బయటపడుతుంది, నెల వరకూ రావచ్చు. గాయం చుట్టూ ఎరుపు కనిపిస్తే ఆ ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీయండి, పక్కన టైము రాయండి. ఫోనుతో ఒక ఫోటో తీయండి. ఆరేడు గంటల తర్వాత ఎరుపు గీత దాటి బయటికి వస్తే ఇక ఇంట్లో ఉండకండి. నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు, అలాంటప్పుడు వేళ్ల వెనకవైపుతో తాకి చూసి వేడి, గట్టిదనం ఎంతవరకు ఉన్నాయో గీయండి.

తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, పచ్చగా చిక్కగా కారడం, దుర్వాసన, 101 దాటిన జ్వరం, గాయం నుంచి పైకి ఎర్రటి చార పాకడం కనిపిస్తే అదే రోజు డాక్టరు చూడాలి. పలచటి గులాబీ రంగు నీరు కొద్దిగా రావడం చీము కాదు. షుగర్ ముదిరినవాళ్లకి కాలి గాయంలో నొప్పే తెలియకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. వాళ్లు రోజూ కళ్లతో చూసుకోవాలి, అరికాలైతే ఇంకొకరితో చూపించుకోవాలి.

ఒక్కటి మాత్రం నాలుగో రోజు దాకా ఆగదు. ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే, పైకి కనపడే గాయానికి ఏమాత్రం పొంతన లేనంత నొప్పి, గంటగంటకీ పాకే వాపు, చర్మం నీలంగా నల్లగా మారడం, బొబ్బలు, నొక్కితే కింద కరకరలాడటం ఉంటే చర్మం కింది పొరల్ని తినేసే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి మలద్వారం, వృషణాల చుట్టూ లేచిన గడ్డల్లో దీని భయం ఎక్కువ. పొద్దున చూద్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేసి, సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి.

చీము వచ్చినప్పుడు మందు మార్చే ముందు దాన్ని కల్చర్‌కి, అంటే అందులో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకి, పంపమని అడగండి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో తెలిసి వాడినట్టవుతుంది. ల్యాపరోస్కోపీ (పొట్టలోకి సన్నటి గొట్టాలు పెట్టి చేసే ఆపరేషన్) రంధ్రాలు చక్కగా మానిపోయి, నెల తర్వాత అక్కడ చిన్న బొడిపెలు లేచి నీరు కారుతుంటే అదే మాట మరీ గట్టిగా అడగాలి. పరికరాలు కడిగిన నీళ్ల నుంచి వచ్చే మైకోబ్యాక్టీరియా అనే ఒక రకం క్రిమి కావచ్చు. మామూలు యాంటీబయాటిక్ దానికి పనిచేయదు, నెలల తరబడి వేరే మందులు వాడాలి.

కుట్లు ముఖం మీద ఐదు రోజులకి, తల, పొట్ట, వీపు మీద వారం పది రోజులకి, కాళ్లు, కీళ్ల మీద పది నుంచి పద్నాలుగు రోజులకి తీస్తారు. మరీ ఆలస్యమైతే కుట్టు దారమే క్రిములకి దారి అవుతుంది.

పరీక్షల కోసం గొట్టం, సూది వేసినప్పుడు

గడ్డలోంచి సన్నటి సూదితో కణాలు తీసి చేసే ఎఫ్.ఎన్.ఏ.సి. పరీక్షలో ఇన్‌ఫెక్షన్ చాలా అరుదు. కడుపు లోపల చూడటానికి వేసే ఎండోస్కోపీ గొట్టం ఆటోక్లేవ్ వేడికి తట్టుకోదు కాబట్టి లోపలి దారిని బ్రష్‌తో కడిగి, రసాయనంలో నానబెట్టి శుభ్రం చేస్తారు. గ్లూటరాల్డిహైడ్ అయితే ఇరవై నిమిషాలు. ఒకరికి తీసిన గొట్టం ఐదు నిమిషాల్లో మీకు వేయబోతుంటే ఆగి అడగండి.

మలద్వారం గుండా ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) బయాప్సీ చేయించుకున్న మగవాళ్లకి ఆ తర్వాత మూడు నాలుగు రోజుల్లో చలితో జ్వరం వస్తే రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకుతున్నట్టు అనుమానించాలి. జ్వరం మాత్ర వేసుకుని పడుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి. మూత్రానికి వేసిన గొట్టం ఉన్న ప్రతి రోజుకీ ఇన్‌ఫెక్షన్ అవకాశం నూటికి మూడు నుంచి ఏడు చొప్పున పెరుగుతుంది. అందుకే "ఇంకా అవసరమా, తీసేయొచ్చా?" అని రౌండ్స్‌లో రోజూ అడగండి. సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కింద ఉండాలి, నేలకి మాత్రం తగలకూడదు. సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టిన సన్నటి గొట్టం (క్యాన్యులా) చుట్టూ నొప్పి, ఎరుపు, తాడులా గట్టిదనం వస్తే "రేపటిదాకా వాడదాం" అనకుండా తీయించేయాలి.

తీసిన ముక్క ఎక్కడికి పోయింది?

ఇది చివర చెబుతున్నా, మొదట్లోనే చేయాల్సిన పని. మీ ఒంట్లోంచి తీసిన గడ్డను ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) డబ్బాలో వేసి బయాప్సీకి పంపుతున్నారా అని అడగండి. డబ్బా మీద మీ పేరు, వయసు, ఏ వైపు నుంచి తీశారో రాసి ఉందో లేదో మీ వాళ్లతో చూపించుకోండి. బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకుతుందని భయపడి ఆ డబ్బాను వద్దన్నవాళ్లున్నారు. రోగం ఏమిటో తేల్చేది ఆ డబ్బాయే. రిపోర్టుకి వారం పది రోజులు పడుతుంది. కుట్లు మానాయి కదా అని చాలామంది ఇక రారు, వాళ్ల రిపోర్టులు మా బీరువాలోనే ఉండిపోతాయి. కుట్లు తీయించుకునే రోజునే రిపోర్టు ఎప్పుడొస్తుందో అడిగి తేదీ రాసుకోండి. ఆ రోజు వెళ్లి తెచ్చుకుని, ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించి, కాగితం జిరాక్స్ తీయించి ఆసుపత్రి ఫైల్లో పెట్టుకోండి.